బెన్-మై-క్రీ కాలిపోయిన రేవు

మంగళవారం, రోడ్స్

కాస్టెలోరిజో వెళ్లే ఫెర్రీ మధ్యాహ్నమే బయలుదేరాలి. గాలి ఎక్కువగా ఉందని సాయంత్రానికి జరిపారు. గ్రీసు దీవుల్లో గాలి ఎంత చెబితే అంత. రేవు దగ్గర కాస్త నీడ వెతుక్కుని కూర్చున్నాక, పొద్దున అపార్ట్‌మెంట్‌లో కలిపిన పులిహోర డబ్బా మా ఆవిడ బయటికి తీసింది. కాకినాడ నుంచి ఎండబెట్టి తెచ్చుకున్న కరివేపాకు వాసనకి పక్క బెంచీ మీది పెద్దాయన పేపరు దించి ఇటు చూశాడు.

"ఏమండీ, ఇంతకీ ఆ దీవిలో ఏముందని?"

ఈ ప్రశ్న టికెట్లు తీసిన రోజు నుంచీ నడుస్తూనే ఉంది. రోడ్స్ వచ్చినవాళ్లు ఇక్కడి కోట చూసి, బీచ్‌లో రెండు పూటలు పడుకుని వెళ్లిపోతారు. మేం ఇంకో 125 కిలోమీటర్లు తూర్పుకి, టర్కీ తీరాన్ని దాదాపు ఆనుకుని ఉన్న చిన్న దీవికి పోతున్నాం. అక్కడి రేవులో 1917 జనవరి 11న ఒక ఓడ కాలి మునిగింది. ఇప్పుడు ఆ ఓడ కూడా లేదు. రేవుంది, ఎదురుగా కొండలున్నాయి. మర్చంట్ నేవీలో ఇంజన్ రూముల్లోనే జుట్టు నెరిసినవాడికి అవి చాలు.

ఓడ పేరు బెన్-మై-క్రీ. ఇంగ్లండుకీ ఐర్లండుకీ మధ్యనున్న ఐల్ ఆఫ్ మాన్ దీవి వాళ్ల ప్యాసింజరు స్టీమరు. 1908లో బారో-ఇన్-ఫర్నెస్‌లోని విక్కర్స్ యార్డు నుంచి నీళ్లలోకి దిగింది. పొడవు 390 అడుగులు. మూడు పార్సన్స్ టర్బైన్లు, మూడు ప్రొపెల్లర్లు, 24 నాట్లు (గంటకి సుమారు 44 కిలోమీటర్లు) దాటే వేగం. నేను పనిచేసిన బల్క్ క్యారియర్లు 14 నాట్లు అందుకుంటే ఇంజన్ రూములో అందరికీ టీ తెప్పించేవాళ్లం. లివర్‌పూల్‌లో ఎక్కితే సుమారు మూడు గంటల్లో ఐల్ ఆఫ్ మాన్ రేవు డగ్లస్‌లో దిగొచ్చు. సెలవులకి వచ్చే లాంకషైర్ మిల్లుల జనాన్ని రెండున్నర వేలకు పైగా ఒక్క ట్రిప్పులో ఎక్కించుకునేది. ఆ పరుగుకి తగ్గట్టే బొగ్గూ తినేది. అందుకని వేసవి రద్దీ వరకే దాన్ని తిప్పేవాళ్లు.

మొదటి ప్రపంచ యుద్ధం రాగానే బ్రిటిష్ నౌకాదళం కన్ను సరిగ్గా ఇలాంటి ఓడల మీద పడింది. సీప్లేన్లను, అంటే నీటి మీది నుంచి లేచి నీటి మీదే దిగే విమానాలను, సముద్రం మీదికి మోసుకుపోయే ఓడలు కావాలి. అవి యుద్ధనౌకలతో సమానంగా పరిగెత్తాలి, పైన ఖాళీ డెక్ ఉండాలి. కొత్తగా కట్టుకునే తీరిక లేదు. 1915 జనవరి 1న బెన్-మై-క్రీని అద్దెకు తీసుకుని బర్కెన్‌హెడ్‌లోని కామెల్ లెయిర్డ్ యార్డుకి పంపారు. కుటుంబాలు బల్లల మీద కూర్చుని సముద్రం చూసిన వెనక భాగంలో విమానాలు పెట్టుకునే పెద్ద హ్యాంగర్ లేచింది. ముందు వైపు, అవసరం లేనప్పుడు తీసి పక్కన పెట్టుకునే 60 అడుగుల వేదిక వేశారు. విమానాలను నీళ్లలోకి దించి మళ్లీ పైకి లాగడానికి డెరిక్కులు, పన్నెండు పౌండ్ల గుండ్లు పేల్చే తుపాకులు కూడా వచ్చాయి. మార్చికల్లా పేరు ముందు, బ్రిటిష్ నౌకాదళం ఓడలకి పెట్టే హెచ్.ఎం.ఎస్. చేరింది.

ఆ ఓడ డ్రాయింగు చూసినప్పుడల్లా నాకు గుబులు పుట్టించేది తుపాకులు కాదు, పెట్రోలు. కర్ర, గుడ్డ కలిపి కట్టిన విమానాలు, వాటికి పోసే పెట్రోలు, బాంబులు అన్నీ ఒకే ఓడలో. చుట్టూ ఉన్నదేమో ప్యాసింజర్ల కోసం కట్టిన పల్చటి ఉక్కు రేకు. మేం ట్యాంకరు దగ్గర సిగరెట్టు వెలిగిస్తే చీఫ్ ఇంజనీరు చెంప పగలగొట్టేవాడు.

ఫెర్రీ చీకటి పడ్డాక కదిలింది. దీవి చేరేసరికి మా ఆవిడ నిద్రలో ఉంది. వీధి దీపాల కింద రేవు గుర్రపు లాడంలా వంగి కనబడింది. దిగినవాళ్లలో టూరిస్టుల కన్నా గ్యాస్ సిలిండర్లూ టమాటా డబ్బాలూ మోసుకుపోయేవాళ్లే ఎక్కువ.

బుధవారం, కాస్టెలోరిజో

పొద్దున కిటికీ తలుపు తీస్తే ఎదురుగా టర్కీ. దూరంగా, లీలగా కాదు. కొండ మీద చెట్టూ చెట్టూ విడివిడిగా కనిపించేంత దగ్గర. దీవికీ టర్కీ గడ్డకీ మధ్య అతి దగ్గరి చోట దూరం రెండు కిలోమీటర్లే.

రేవు చుట్టూ రెండంతస్తుల ఇళ్లు వరసగా ఉన్నాయి. పసుపు, నీలం, ఇటుక రంగు గోడలు, చెక్క బాల్కనీలు. హోటళ్ల బల్లలు నీటి అంచుకే వేశారు. కుర్చీ ఒక అడుగు వెనక్కి జరిగితే సముద్రంలోనే. మా బల్ల పక్కనే పెద్ద తాబేలొకటి తల పైకెత్తి, చేప ముక్క దొరుకుతుందేమోనని తిరుగుతోంది. మా ఆవిడ ఇడ్లీ ముక్కంత రొట్టె విసిరితే మూతి తిప్పుకుని వెళ్లిపోయింది.

ఈ నీళ్లలోనే ఆ రోజు మధ్యాహ్నం బెన్-మై-క్రీ లంగరు వేసింది. అప్పటికి దీవి ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉంది. 1915 డిసెంబరు చివర్లో ఫ్రెంచి నౌకాదళం దీన్ని ఆక్రమించి, ఎదురు తీరం మీద కన్నేసి ఉంచడానికి వాడుకుంటోంది. ఈజిప్టులోని పోర్ట్ సయీద్ నుంచి వచ్చిన ఓడ ఇక్కడి నుంచి విమానాలు పంపి తీరమంతా చూసి రావాలన్నది ప్లాను. రేవులో భయం లేదన్న నమ్మకంతోనే లోపలికి తెచ్చి కట్టారు.

గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడవడానికి పది నిమిషాలు పట్టింది. నడుస్తూ అడుగులు లెక్కబెట్టాను. 390 అడుగుల ఓడ ఇందులో పడుకుంటే రేవులో చెప్పుకోదగ్గ భాగం నిండిపోతుంది. మలుపు తిరగడానికి చోటు లేదు. వెనక్కి పోవాలన్నా ఆవిరి సిద్ధంగా ఉండాలి, తాళ్లు వదలాలి. ఎదుటి కొండల మీద దుర్భిణి పట్టుకుని కూర్చున్నవాడికి ఇంతకంటే సులువైన గురి దొరకదు.

కూర్చున్నవాడు ముస్తఫా ఎర్తుగ్రుల్ అనే ఒట్టోమన్ (అప్పటి టర్కీ సామ్రాజ్యం) ఫిరంగి దళ కెప్టెన్. ఓడ లంగరు వేసిన రెండు గంటలకు, మధ్యాహ్నం రెండు దాటాక, కొండల్లో దాచిన ఫిరంగులు పేలాయి. మొదటి కొద్ది గుండ్లలోనే హ్యాంగర్ తగిలింది. ఆ తర్వాతిది ఊహించడానికి ఇంజనీరే కానక్కర్లేదు. పెట్రోలు అంటుకుంది. ఓడలోని తుపాకులు ఉన్న చోటే ఉన్నాయి, కానీ కనబడని ఫిరంగిని కొట్టేదెలా? నలభై నిమిషాలకు ఓడ వదిలేయమని ఆర్డరు వచ్చింది. పడవల్లో చాలావాటికి చిల్లులు పడ్డాయి. మిగిలిన ఒక్క మోటారు పడవే అటూ ఇటూ తిరిగి మనుషుల్ని గట్టుకు చేర్చింది. ఇంత జరిగినా ఒక్క ప్రాణం పోలేదు. ఒక ఆఫీసరు, నలుగురు నావికులు గాయపడ్డారు, అంతే.

ఈ కథలో నాకు బాగా నచ్చే ముక్క ఒకటుంది. అందరూ దిగిపోయాక కెప్టెనూ చీఫ్ ఇంజనీరూ మళ్లీ ఓడ ఎక్కారు. ఓడలో పెంచుకున్న పిల్లినీ కుక్కనీ తీసుకొచ్చారు. రెండూ బతికాయి. మంటలూ గుండ్లూ ఒక పక్క ఉండగా పిల్లి కోసం మెట్లు దిగిన చీఫ్ ఇంజనీరంటే నాకు వల్లమాలిన గౌరవం. "మీరయితే పిల్లి కోసం వెళ్లేవారా?" అని అడిగింది మా ఆవిడ. ఇంట్లో పిల్లిని కాఫీ గ్లాసు దగ్గరికి కూడా రానివ్వని సంగతి తనకి తెలుసు. జవాబు చెప్పకుండా బిల్లు తెమ్మన్నాను.

సాయంత్రం కోట ఎక్కాం. సెయింట్ జాన్ వీరులు కట్టిన కోట. ఎర్ర రాయి మీద ఉండటం వల్లే దీవికి ‘ఎర్ర కోట’ అని అర్థం వచ్చే ఈ పేరు. కోట కింద, ఈ తీరంలో పూర్వం ఉన్న లిసియన్లు కొండలో తొలిచిన సమాధి ఉంది. పై నుంచి చూస్తే రేవు పళ్లెంలో పెట్టినట్టుంది, ఎదురుగా టర్కీ కొండలు. శత్రువు అంత ఎత్తులో ఉన్నప్పుడు ఇక్కడ లంగరు వేయమని ఎవరు చెప్పినా వినకూడదు. కానీ పొద్దుటి నుంచీ నేను కూడా ఈ రేవులో కూర్చుంటే భయం లేదనే అనుకున్నాను. అందంగా ఉన్న రేవుతో వచ్చే చిక్కే అది.

కిందికి దిగేటప్పుడు హోటలు అబ్బాయి గట్టు మీద ఒక చోటు చూపించి, అప్పటి ప్రధాని పాపాండ్రూ నిలబడింది ఇక్కడే అన్నాడు. 2010 ఏప్రిల్ 23న గ్రీసు దివాలా అంచున ఉందని, యూరోపియన్ యూనియన్, ఐఎంఎఫ్‌ల సాయం అడుగుతున్నామని దేశానికి చెప్పింది ఈ రేవు దగ్గరి నుంచే. టీవీలో ఆయన వెనక నీలం నీళ్లూ రంగుల ఇళ్లూ. ఇక్కడివాళ్లకి 1917 కన్నా ఆ రోజే ఎక్కువ గుర్తు.

గురువారం

గాలి. నీలం గుహకు పోయే పడవలన్నీ రద్దు. గట్టు మీద కాఫీ తాగుతూ కూర్చోవడం తప్ప పని లేదు. మా ఆవిడ హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయితో వీడియో కాల్‌లో తాబేలుని చూపిస్తోంది. నేను నోట్‌బుక్ తెరిచాను.

నిజానికి ఈ ఓడ పేరు పుస్తకాల్లో నిలిచింది మునిగినందుకు కాదు. 1915 జూన్‌లో అది టర్కీలోని డార్డనెల్స్ జలసంధి దగ్గర జరుగుతున్న యుద్ధానికి చేరింది. ఆగస్టు 12న చార్లెస్ ఎడ్మండ్స్ అనే పైలట్ షార్ట్ 184 సీప్లేనుకి 14 అంగుళాల టార్పెడో కట్టుకుని ఎగిరాడు. బరువు మోయలేక, పైలట్‌తో పాటు ఎగిరి కింద ఏముందో చూసి చెప్పే అబ్జర్వర్ని దించేశారు. ట్యాంకులో ముప్పావుగంటకి సరిపడే పెట్రోలే పోశారు. సన్నటి బులేర్ భూసంధి మీదుగా మర్మరా సముద్రంలోకి పోయి, నీటికి ఐదు మీటర్ల ఎత్తుకి దిగి, మూడు వందల గజాల దూరం నుంచి ఒక టర్కీ స్టీమరు మీద టార్పెడో వదిలాడు. తగిలింది. విమానం వదిలిన టార్పెడో ఓడకి తగలడం ప్రపంచంలో అదే మొదలు.

ఇక్కడ చిన్న మెలిక ఉంది. ఆ స్టీమరు అప్పటికే ఒక బ్రిటిష్ సబ్‌మెరైన్ దెబ్బ తిని నేలకు ఆని ఉంది. చచ్చిన పామును కొట్టినట్టు అని వంక పెట్టేవాళ్లున్నారు. ఐదు రోజుల తర్వాత, ఆగస్టు 17న, ఎడ్మండ్స్ మరో స్టీమరుని కొట్టాడు. అదే రోజు జార్జ్ డేకర్ అనే ఇంకో పైలట్‌కి ఇంజన్ మొరాయించింది. గాలిలో నిలవలేక జలసంధిలో నీటి మీదే దిగాడు. దిగినవాడు ఊరుకోలేదు, నీటి మీదే బండి తోలినట్టు తోలుకుంటూ పోయి ఒక టగ్ మీద టార్పెడో వదిలాడు. బరువు తగ్గడంతో విమానం మళ్లీ లేచింది! ఎడ్మండ్స్‌ది రికార్డు, కానీ నా ఓటు మాత్రం డేకర్‌కే. ఇంజన్ పాడైనప్పుడు చేతిలో ఉన్న సామానుతో పని కానిచ్చేవాడే మా జాతివాడు.

అదే ఏడు సెప్టెంబరు 2న లెమ్నోస్ దీవి దగ్గర సౌత్‌ల్యాండ్ అనే రవాణా ఓడకి జర్మన్ సబ్‌మెరైన్ టార్పెడో తగిలింది. అందులో ఆస్ట్రేలియా సైనికులున్నారు. బెన్-మై-క్రీ పరుగున వెళ్లి సైనికులూ సిబ్బందీ కలిపి 815 మందిని ఎక్కించుకుంది. రెండున్నర వేల మందిని మోయడానికి కట్టిన ఓడకి అది చంటిపిల్లల పని. సైన్యం అవసరాల కోసం ఎన్ని మార్పులు చేసినా, పాత ప్యాసింజరు ఓడ బుద్ధే ఆ రోజు పనికొచ్చింది.

ఇంకా వింత ఈ ఓడ ఎక్కిన మనుషులు. డార్డనెల్స్‌లో కమాండరు సెసిల్ లెస్ట్రేంజ్ మలోన్. యుద్ధం అయ్యాక పార్లమెంటుకి గెలిచి, 1920లో బ్రిటన్‌కి తొలి కమ్యూనిస్టు ఎంపీ అయ్యాడు. ఒక ఉపన్యాసానికి రాజద్రోహం కింద ఆరు నెలలు జైల్లో వేశారు. ఆయన కింద అబ్జర్వర్‌గా పనిచేసినవాడు ఎర్స్కిన్ చిల్డర్స్. తర్వాత ఐర్లండు స్వాతంత్ర్య పోరాటంలో చేరి, అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన నిలబడ్డాడు. 1922 నవంబరులో ఐరిష్ ప్రభుత్వమే కాల్చి చంపింది. తనని కాల్చబోయే సైనికులందరితో చేయి కలిపి మరీ గోడ దగ్గర నిలబడ్డాడు. ఆయన కొడుకు 1973లో ఐర్లండుకి ప్రెసిడెంటయ్యాడు.

మూడోవాడు మనకి సంబంధించినవాడు. విలియం వెడ్జ్‌వుడ్ బెన్. అప్పటికే ఎంపీ, అయినా ఈజిప్టు తీరంలో ఈ సీప్లేన్ల దళంలో అబ్జర్వర్‌గా ఎగిరాడు. 1929 జూన్ నుంచి 1931 ఆగస్టు దాకా లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి ఆయనే. దండి యాత్ర ఆయన హయాములోనే, గాంధీగారిని జైల్లో పెట్టిందీ, భగత్‌సింగ్‌ని ఉరితీసిందీ ఆయన హయాములోనే. ఈ పేరు చెప్పగానే మా ఆవిడ ఫోను పక్కన పెట్టింది. "అంటే, ఆయన ఇక్కడే కాలిపోయుంటే..." అని మొదలెట్టి, తనే నవ్వేసి ఆపేసింది. ఏం మారేది? వైస్రాయి ఇర్విన్ ఎలాగూ ఉండేవాడు.

రాత్రి గాలి తగ్గింది.

శుక్రవారం, కాష్

ఎదురు ఒడ్డున ఉన్న టర్కీ ఊరు కాష్. శుక్రవారం అక్కడ సంత. దీవిలోనివాళ్లు కూరగాయలకి, బట్టలకి అక్కడికే పోతారు. పడవలో అరగంట కూడా పట్టదు. యూరప్ దేశాలకి పనికొచ్చే మా షెంగెన్ వీసా గ్రీసులోకి రెండోసారి కూడా రానిచ్చేది కాబట్టి, టర్కీ ఈ-వీసా ముందే తీసుకున్నాం. లేకపోతే వెళ్లడం ఒక్కటే, తిరిగి రావడం ఉండదు. పడవ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పాస్‌పోర్టులు పట్టుకుని లైన్లో నిలబడటంతో మా ఆవిడకి టెన్షన్ ఎక్కువైంది. ఇంటి ముందున్న ఊరికి వెళ్లడానికి స్టాంపులేంటని ఆవిడ వాదన.

సంతలో రకరకాల వంకాయలు, దానిమ్మలు, అంజీరాలు, తేనె, గొంగళ్లు. వంకాయలు చూసి మా ఆవిడ కదలనంది. ఆమెని అక్కడ వదిలి నేను పాత నాటకశాల వైపు నడిచాను. అప్పట్లో ఊరి పేరు ఆంటిఫెల్లోస్. గ్రీకుల కాలం నాటి రాతి మెట్లు సముద్రం వైపు తిరిగి ఉన్నాయి. పై మెట్టు మీద కూర్చుంటే ఎదురుగా కాస్టెలోరిజో. టర్కీ వాళ్లు దాన్ని మెయిస్ అంటారు.

ఈ వైపు నుంచి చూస్తే విషయం ఇట్టే అర్థమవుతుంది. నిన్నటిదాకా నాకు ఆ కథలో బ్రిటిష్ వాళ్ల నిర్లక్ష్యమే కనబడింది. ఇక్కడ కూర్చుంటే ఎర్తుగ్రుల్ చేసిన పని కనబడుతోంది. రోడ్లు లేని ఈ తీరంలో, ఇంత నిటారు కొండల్లోకి ఫిరంగులు చేర్చాలి. మనుషులూ జంతువులూ కలిసి లాగాలి, గుండ్లు మోయాలి. ఇదంతా ఎదుటి దీవిలోని ఫ్రెంచి వాళ్ల కంట పడకుండా జరగాలి. గుండు పేల్చేదాకా వాటి ఉనికి తెలియలేదంటే దాని వెనక ఎంత చాకిరీ ఉండాలి! ఓడలో పనిచేసిన నాకు ఓడ మీదే ప్రేమ, కానీ ఆ మధ్యాహ్నం పనితనం అంతా ఈ ఒడ్డుదే. అదే ఎర్తుగ్రుల్ 1917 డిసెంబరులో ఇదే టర్కీ తీరంలోని కెమెర్ దగ్గర ఫ్రెంచి వాళ్ల పారిస్ 2 అనే ఓడని కూడా ఫిరంగులతోనే ముంచాడు. ఆ శిథిలం ఇప్పుడు డైవింగ్ చేసేవాళ్లకి పేరున్న చోటు.

ఒకప్పుడు కాష్‌లో గ్రీకులుండేవాళ్లు. 1923లో రెండు దేశాలూ జనాభా మార్పిడి చేసుకున్నప్పుడు వాళ్లు ఊరు వదిలి వెళ్లిపోయారు. ఈ నీళ్ల మధ్య అడ్డు కట్టింది ఆ ఒప్పందాలే. అంతకు ముందు ఇదంతా ఒకే బజారు.

సాయంత్రం పడవలో మా ఆవిడ ఒళ్లో రెండు కిలోల వంకాయలు. కస్టమ్స్ వాళ్లు అడిగితే ఏం చెప్పాలని నన్ను అడిగింది. ఎవరూ అడగలేదు.

శనివారం

నీలం గుహకి పడవ దొరికింది. గుహలోకి పోయేటప్పుడు పడవలో వెల్లకిలా పడుకోవాలి, రాయి ముక్కుకి రాసుకున్నట్టే ఉంటుంది. లోపల నీళ్లు నీలం బల్బు వేసినట్టున్నాయి. అంతకన్నా చెప్పడానికి లేదు, ఫోటోలు కూడా సరిగ్గా రాలేదు.

మధ్యాహ్నం కొండ మీది సెయింట్ జార్జ్ మఠానికి ఎక్కాం. కొండ అంచు పట్టుకుని దాదాపు నాలుగు వందల మెట్లు. మా ఆవిడ సగంలో కూర్చుని, మీరు వెళ్లి రండి, నేను సింహాచలం ఎక్కేసినట్టే అనుకుంటాను అంది. పైన మేకలు, తలుపు వేసిన గుడి, విపరీతమైన ఎండ. కింద రేవు పక్కన పూర్తిగా పడిపోయిన ఇళ్ల గోడలు బాగా తెలుస్తాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడ తొమ్మిది పది వేల మంది ఉండేవాళ్లట. 1921లో ఇటలీ చేతికి పోయింది, 1926లో భూకంపం, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు, మంటలు. ఎక్కువమంది ఆస్ట్రేలియా పోయారు. గ్రీసులో 1948లో కలిసేనాటికి ఊరు చాలామటుకు ఖాళీ. ఇప్పుడు ఉన్నది ఐదు వందల మంది చిల్లర.

దిగేటప్పుడు దారిలో పెర్త్ నుంచి వచ్చిన ఒక జంట కలిసింది. తాతగారి ఇల్లు బాగు చేయించుకోవడానికి ఏటా వస్తారట. 1917లో ఇక్కడ మునిగిన ఓడ సంగతి తెలుసా అని అడిగాను. ఆయన తల ఊపి, మా తాత అప్పటికి పిల్లాడు, పొగ చూశానని చెప్పేవాడు అన్నాడు. అంతకు మించి చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. ఆ సాయంత్రం గంటల తరబడి ఫిరంగులు ఆగలేదు. ఓడ నీటి అంచు దాకా కాలి, కుడి వైపుకి ఒరిగి కూర్చుంది. లోతు తక్కువ కాబట్టి పూర్తిగా మునగలేదు. మూడేళ్ల పైనే ఊరి జనం ఆ తుక్కు చూస్తూ చేపలు పట్టుకున్నారన్నమాట.

రాత్రి భోజనంలో రవ్వ హల్వా పెట్టారు. నెయ్యి బదులు నూనె, పైన దాల్చిన చెక్క, మధ్యలో బాదం. ఇది దీవి వాళ్ల సొంత వంట అట. మా ఆవిడ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, రవ్వ ఇంకాస్త వేయించాల్సింది అని తీర్పు చెప్పి, ప్లేటు ఖాళీ చేసింది.

ఆదివారం, ఫెర్రీలో

పొద్దున్నే బయలుదేరాం. ఈసారి సముద్రం చేప కూడా కదలనంత ప్రశాంతంగా ఉంది. రేవు మూతి దాటుతున్నప్పుడు ఇంజన్ ఆర్‌పీఎం పెరగడం కాళ్ల కింద తెలిసింది. పాత అలవాటు కొద్దీ వాచీ చూసుకున్నాను.

బెన్-మై-క్రీ కథలో మిగిలింది కొంచెమే. 1920లో పైకి తేల్చి గ్రీసులోని పీరియస్ రేవుకి లాక్కుపోయారు, 1923లో వెనిస్‌లో ముక్కలు చేశారు. అద్దెకిచ్చిన ఐల్ ఆఫ్ మాన్ కంపెనీకి ఓడ తిరిగి రాలేదు. పేరు మాత్రం వాళ్లు వదల్లేదు. తర్వాతి ఓడలకీ అదే పేరు పెడుతూ వచ్చారు. 1998లో కట్టిన బెన్-మై-క్రీ కార్లూ లారీలూ మోసే ఫెర్రీ.

ఓడ మునిగిన రోజు దాని కెప్టెన్‌గా ఉన్న చార్లెస్ శామ్సన్ సంగతి వేరు. ఆయన అప్పటికే పెద్ద పేరున్న పైలట్. 1912లో ఓడ డెక్ మీద నుంచి విమానం లేపిన తొలి బ్రిటిషర్ ఆయనే, అదే ఏడు కదులుతున్న ఓడ మీద నుంచి లేపిందీ ఆయనే. ఓడ పోయినందుకు రివాజు ప్రకారం కోర్టు మార్షల్ జరిగింది, తప్పు లేదని తేలింది. తర్వాత రేవెన్ 2 అనే ఇంకో సీప్లేన్ ఓడ మీద హిందూ మహాసముద్రంలోకి పంపారు. ఈ రేవెన్ 2 కూడా సైన్యం ఓడగా పుట్టింది కాదు. యుద్ధం మొదట్లో బ్రిటిష్ వాళ్లు పట్టుకున్న జర్మన్ కార్గో స్టీమరు రాబెన్‌ఫెల్స్ అది.

వాళ్లు వెతుకుతున్నది వోల్ఫ్ అనే జర్మన్ దాడి ఓడ. అదీ కార్గో షిప్పే. పాత పేరు వాఖ్ట్‌ఫెల్స్. పైకి మామూలు సరుకు ఓడలా కనబడుతూ లోపల తుపాకులు, ఓడ తగిలితే నీటిలో పేలే మైన్లు, ఒక చిన్న సీప్లేను దాచుకుని, కొలంబో ముందూ బొంబాయి ముందూ మైన్లు వేసి పోయింది. 1917 జూన్‌లో మంగోలియా అనే, పి అండ్ ఓ అన్న బ్రిటిష్ కంపెనీ వాళ్ల ప్యాసింజరు ఓడ బొంబాయి దగ్గర ఆ మైను తగిలే మునిగింది. ఒక సరుకు ఓడని ఇంకో సరుకు ఓడ మన సముద్రాల్లో గాలించడం, రెండూ ఒకప్పుడు జర్మనీ వాళ్లవే కావడం తలుచుకుంటే నవ్వొస్తుంది. మాల్దీవులు, లక్కదీవులు అన్నీ వెతికినా దొరకలేదు. దాని కెప్టెన్ నెర్గర్ వోల్ఫ్‌ని 1918 ఫిబ్రవరిలో క్షేమంగా జర్మనీలోని కీల్ రేవుకి చేర్చాడు.

ఇదంతా చెబుతుంటే మా ఆవిడ వంకాయల సంచి సర్దుకుంటూ వింది.

"ఆ ఓడని ముక్కలు చేసింది వెనిస్‌లో అన్నారు కదా?"

"అవును."

"అయితే వచ్చే ఏడు వెనిస్ పోదాం. అక్కడ ఏముందని మాత్రం అడగను లెండి."